కొన్నవాని మాటయేమి?

హత్య జరిగినచోట చంపినవానిని వెదకి పట్టుట పోలీసుల పని. ఆ చావు ఎవనికి అక్కఱకు వచ్చెనో వెదకుట ఎవరి పని? ఏండ్ల తరబడి న్యాయస్థానముల మెట్లెక్కి దిగుచున్న మాబోటివారికిని ఈ ప్రశ్నకు తిన్నని సమాధానము దొరకకున్నది. స్కాట్లండు రాజధానియగు ఎడింబరో నగరమున 1828లో బర్క్, హేర్ అను నిరువురు గావించిన ఘోరకృత్యములను చదివినపుడెల్ల, ఆ హంతకుల క్రౌర్యముకంటె ఈ ప్రశ్నయే మమ్మెక్కువగ బాధించును.

విలియం బర్క్, విలియం హేర్ ఐర్లండునుండి కూలికై వచ్చినవారు. వెస్టు పోర్టు అను పేదలవాడలో హేర్ దంపతులు చౌకబస యొకటి నడుపుచుండిరి. 1827 నవంబరులో ఆ బసయందు ముసలి పింఛనుదారు ఒకడు జబ్బుచే మరణించెను. అతడు హేరునకు 4 పౌనులు బాకీ. ఆ బాకీ రాబట్టుకొనుటకై ఇరువురును శవపేటికలో చెట్టుబెరడు నింపి పూడ్చనిచ్చి, శవమును డాక్టరు రాబర్టు నాక్సుగారి శవచ్ఛేదన పాఠశాలకు మోసికొనిపోయిరి. 7 పౌనుల 10 షిల్లింగులు ముట్టెను. ఈ శవమెవరిది, ఎట్లు వచ్చెనని గట్టిగ నడిగినవారు లేరు. చచ్చువారికై కాచుకొనియుండనేల యని వారికి తోచుటకు ఎక్కువ కాలము పట్టలేదు.

1828 తొలినాళ్ల నుండి అక్టోబరు 31 వఱకు పదునారుగురు బలియైరి. సారాయము పోయుట, మత్తెక్కిన పిమ్మట ముక్కును నోరును అదిమి ఊపిరి సలుపకుండ జేయుట, ఇదియే వారి పద్ధతి. దేహముపై గాయముండదు, సరకు చెడదు. ధర వేసవిలో 8 పౌనులు, చలికాలమున 10. శవమునకును ఋతువునుబట్టి ధర! చచ్చినవారెవరు? దిక్కులేని ముసలమ్మలు, పని వెదకికొనుచు వచ్చిన పరదేశులు, ఒక అవ్వ, ఆమె మనుమడు. అట్టివారు కనబడకపోయినను వెదకువారుండరని హంతకులు ఎఱుగుదురు. జేమ్సు విల్సను అను అమాయకపు కుఱ్ఱవాడొక్కడు మాత్రము నగరమున అందఱు నెఱిగినవాడు. కోతబల్లపై అతనిని విద్యార్థులు కొందఱు ఆనవాలు పట్టిరనియు, నాక్సుగారు కాదనిరనియు ఆనాడు చెప్పుకొనిరి.

పట్టుబడుట పోలీసుల నేర్పుచే గాదు. బర్కు ఇంట బసచేసిన గ్రే దంపతులు నవంబరు 1వ తేదిన గడ్డిక్రింద ఒక స్త్రీ శవమును గనిరి. నోరు మూసికొన్నచో వారమునకు 10 పౌనులు రాగలవని బర్కుతో గాపురముచేయుచున్న హెలెన్ మెక్డూగల్ ఆశపెట్టెను. తలదాచుకొన స్వంతకొంప లేని ఆ సంసారము ఆ సొమ్మును కాదని పోలీసుఠాణాకు నడచెను. ఈ కథలో మేము చేయెత్తి మ్రొక్కదగిన వారెవరైన నున్నచో ఆ యిరువురే. మఱునాడు ఆ శవము నాక్సుగారి పాఠశాలలోనే దొరకెను.

హత్యయని వైద్యులు రూఢిగ చెప్పజాలకపోయిరి. సాక్ష్యము చాలదని లార్డు అడ్వకేటు సర్ విలియం రే హేరును అప్రూవరుగ మార్చుకొనెను. చంపిన చేతులలో రెండింటికి క్షమాభిక్ష పెట్టి తక్కిన రెండింటిని పట్టుకొనుట! అప్రూవరు లేనిచో బర్కు సయితము తప్పించుకొనెడివాడేమో, మేము కాదనము. డిసెంబరు 24న మొదలైన విచారణ రాత్రియంతయు సాగి క్రిస్మసునాటి ఉదయమున ముగిసెను. బర్కునకు ఉరి, మెక్డూగల్‌పై నేరము రుజువుకాలేదు. 1829 జనవరి 28న బర్కును ఉరిదీసి, శిక్షలో భాగముగ శవమును కోయించిరి. అతని యస్థిపంజరము నేటికిని ఎడింబరో విశ్వవిద్యాలయపు ప్రదర్శనశాలలో నున్నది. జేమ్సు విల్సను తల్లియు చెల్లెలును హేరుపై దావా నడుపబూనగా న్యాయస్థానము త్రోసివేసెను. హేర్ స్వేచ్ఛగ వెడలిపోయెను.

మఱి కొన్నవాడు? డాక్టరు నాక్సుపై నేరము మోపలేదు సరిగదా, సాక్షిగనైన బోనెక్కింపలేదు. జనులు ఆయన యింటిముందు గుమిగూడి అద్దములు పగులగొట్టిరి. పెద్దమనుష్యుల సంఘమొకటి విచారించి, శవములను గైకొనుటలో ఆయన మిక్కిలి అజాగ్రత్తగ నుండెనని మాత్రము తేల్చెను. శస్త్రవైద్యమునకు శవపరీక్ష అవసరము. దానిని నిందించుట మూర్ఖత. ఆయనకు హత్యలు తెలియుననియు మేము చెప్పము. కాని తెలియకుండుట వేఱు, తెలిసికొనకుండుట వేఱు. ఒకే యిరువురు మాటిమాటికి వెచ్చవెచ్చని శవములను తెచ్చుచుండ, శరీరశాస్త్రమున ఆరితేఱిన పండితునకు ఒక్కమాటు ప్రశ్న పుట్టకుండుట యెట్లు?

ఇచట మనదేశపు ముచ్చట యొకటి. ఆ విచారణ జరిగిన ఎనిమిదేండ్లకు, 1836లో, కంపెనీ దొరతనమువారు మనపై ముప్పదవ నంబరు చట్టమొకటి విధించిరి. థగ్గుల ముఠాలో చేరియుండెనని తేలిన చాలును, ఆ చేరిక చట్టమునకు ముందుదైనను సరే, యావజ్జీవ కఠినశిక్ష! ఈ పనికి సాక్ష్యమంతయు ప్రధానముగ అప్రూవర్లదే. థగ్గులు సాధువులని మేమనము. సంబంధమే నేరమను ఈ కొలబద్దను ఎడింబరోలో వాడియున్నచో నాక్సుగారు ఎచట నుండెడివారు? అచట సందేహము దొరకెను, ఇచట దొరకలేదు.

పార్లమెంటువారు మాత్రము ఊరకుండలేదు. లండనులోను ఇట్టివే హత్యలు 1831లో బయటబడగా, మఱుసటి యేడు శరీరశాస్త్రచట్టము చేసిరి. దానితో శవచోరుల వ్యాపారమునకు గిరాకి పోయెను, అది మేలే. కాని శవములు వచ్చుట యెచ్చటనుండి? బీదల ఆశ్రమములలో చచ్చి, అడుగువారు లేనివారిని పాఠశాలల కప్పగింపవచ్చునని ఆ చట్టము దారి చేసెను. 1752 నుండి శవచ్ఛేదనము హంతకునకు ఉరికిపైన వేయు శిక్ష. 1832 చట్టము హంతకులకు ఆ శిక్షను రద్దుచేసెను. బర్కు, హేర్ ఎవరిని ఏఱి చంపిరో, ఆ దిక్కులేని బీదలకే ఆ కోతబల్ల మిగిలెను.