టేకు తోటలు – ఆకుపురుగు – తొలకరి

అడవులను పెంచవలెనని నేడు అందరును చెప్పుచున్నారు. నాటిన మొక్కల సంఖ్యలు ఏటేటా ప్రకటింపబడుచున్నవి. కాని నాటిన చెట్టు ఎంత ఎదిగినది, ఎదుగవలసినంత ఎదుగకుండ దానిని అడ్డగించునది ఏది అను ప్రశ్న అంతగా వినబడదు. ఈ ప్రశ్నకు టేకు తోటల అనుభవము చక్కని సమాధానము నీయగలదు.

కేరళలోని నీలాంబూరులో మలబారు కలెక్టరు కానొలీయు, ఆయనకు తోడ్పడిన చాతు మేనోనును 1840వ దశకమున టేకు తోటలను వేయించిరి. నాటి వృక్షములు కొన్ని నేటికిని నిలిచియున్నవి. ఆ ప్రాంతమునకు మరియొక చరిత్రయు కలదు. వేసవి చివర పచ్చగా చిగిర్చిన తోట కొద్ది దినములలోనే వట్టి కొమ్మలతో మిగులును. హిబ్లియా ప్యూరా అను చిన్న రెక్కలపురుగు యొక్క సంతానము చేయు పని యిది.

ఈ పురుగు లేత ఆకులపై వందలకొలది గ్రుడ్లు పెట్టును. వానినుండి వెలువడిన గొంగళిపురుగులు ఆకు అంచును మడిచి, పట్టుదారముతో బిగించి, ఆ మడతలో దాగి తినును. పెద్ద ఈనెలు తప్ప తక్కినదంతయు వాని కాహారమే. సుమారు 12 దినములలో పెరుగుదల ముగించుకొని, దారము వెంట నేలకు దిగి కోశస్థ దశను చెందును. ఇట్లు ఒక తరము నెల తిరుగకుండనే పూర్తియగును.

ఇందు వాతావరణము పాత్ర యేమి? టేకు వేసవిలో ఆకు రాల్చు చెట్టు. ఋతుపవనమునకు ముందు కురియు జల్లులకు తోట అంతయు ఒక్కసారిగా చిగిర్చును. అప్పుడే పుట్టిన గొంగళిపురుగు ముదురు ఆకును నమలజాలదు. దానికి లేత ఆకే కావలెను. కనుక చెట్టు అయిదేండ్లదైనను, ఏబదియేండ్లదైనను, పురుగు చూచునది ఆకు వయస్సునే. వాన పురుగును పుట్టింపదు; దానికి విస్తరి వేయును. మొదట అక్కడక్కడ కొద్ది ఎకరములలో కనిపించిన పురుగు, తరువాతి తరమునకు వేలకొలది ఎకరములకు వ్యాపించును. ఒకే జాతి వృక్షములు బారులు తీరిన తోటలో ఈ వ్యాప్తికి అడ్డు తక్కువ.

టేకును తినునది మరియొక పురుగు కలదు. అది వానలు వెనుకబట్టిన కాలమున ముదురు ఆకులపై బ్రతుకును. ఈనెల వలను మాత్రము మిగిల్చి పచ్చని భాగమును తినివేయును. కాని త్వరలో రాలిపోవు ఆకు పోయినందున చెట్టునకు కలుగు నష్టము స్వల్పము. చిగురు పోయినచో చెట్టు మరల కూడబెట్టిన శక్తిని వెచ్చించి క్రొత్త ఆకు వేయవలెను. పెరుగవలసిన అదను అంతలో జారిపోవును.

చెట్టు వయస్సు లెక్కకు వచ్చునది ఇచ్చటనే. ఆకు తిన్నంత మాత్రమున టేకు చావదు. అందువలననే నష్టము చాలకాలము కంటబడలేదు. పీచిలోని కేరళ అటవీ పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు నీలాంబూరులో లేత తోటలను తీసికొని, కొన్నింటిని పురుగునుండి కాపాడి, కొన్నింటిని విడిచిపెట్టి, అయిదేండ్లు కొలిచి చూచిరి. కాపాడిన తోటలో హెక్టారునకు ఏటా 6.7 ఘనపు మీటర్ల కలప పెరుగగా, విడిచిన తోటలో 3.7 మాత్రమే పెరిగెను. అనగా నూటికి 44 వంతుల పెరుగుదల పురుగు పాలైనది. లేత చెట్టు కొనమొగ్గ చెడినచో మాను చీలి పంగలుగా పెరుగుటయు కలదు. వేగముగ ఎదుగు బాల్యమున జరిగిన నష్టము ముదిమిలో పూడదు.

మరి నివారణ యెట్లు? 1960వ దశకమున కేరళలో విమానమునుండి మందు చల్లి చూచిరి. అట్టి విషము పురుగుతోపాటు దానిని తిను పక్షులకును, పరాన్నజీవులకును, అడవి వాగులకును హానికరము. ఈ గొంగళికి సహజముగా సోకు ఒక వైరస్‌ను పెంచి చల్లు పద్ధతిని పైసంస్థవారే తరువాత రూపొందించిరి. అది ఇతర జీవుల జోలికి పోదు. కాని పురుగు చిన్నదిగా నున్నపుడే, తొలి గుంపులు కనబడిన చోటనే చల్లవలెను. అదను కొద్ది దినములే. వేసవి జల్లులు ముందువెనుక లగుచున్న ఈ కాలమున కేలెండరు తేదీని నమ్మి లాభము లేదు. వానను, చిగురును చూచుచుండువాడు కావలెను.

మన రైతులును పొలముగట్లపై టేకు నాటుచున్నారు. బడి ఆవరణలలోను టేకు మొక్కలు కలవు. తొలి జల్లు ఏనాడు పడినది, చిగురు ఏనాడు వచ్చినది, మడత ఆకు మొదట ఏనాడు కనబడినది అని విద్యార్థులు ఏటా వ్రాసియుంచినచో, అది ప్రకృతి పాఠముగాను, రైతునకు ముందు హెచ్చరికగాను పనిచేయును. ప్రభుత్వములును నాటిన మొక్కల సంఖ్యతోపాటు అయిదవ యేట వాని చుట్టుకొలతను ప్రకటింపవలెను. అప్పుడే మనము పెంచినది అడవియో, పట్టికలోని అంకెయో తెలియగలదు.