నానమ్మ ఎవరి కోసం ఎదురుచూస్తోంది?

ఈ శీర్షికలో మన భాష గురించో, మన పండుగల గురించో నాలుగు మాటలు ముచ్చటించుకుంటూ ఉంటాం. ఈసారి మా ఇంటి సంగతితో మొదలుపెడుతున్నాను. మన్నించాలి.

మా తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో చాలామందికి ఒక ఆచారం ఉంది. ఈస్టరు ఆదివారం తెల్లవారకముందే సమాధుల తోటకు వెళతాం. ముందురోజే సమాధులకు సున్నం వేసి ఉంచుతాం. పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించి, తూర్పు తెల్లబడేవరకు పాటలు పాడుకుంటాం. చెన్నైలో మూడు తరాలుగా ఉంటున్నా మా ఇంట్లో ఆ ఆచారం మానలేదు. నా భార్య సమాధి దగ్గర నిలబడడం మాత్రం ఈ ఏడే మొదటిసారి.

మనవరాలికి పదేళ్లు. బడిలో తమిళం, ఇంగ్లీషు చదువుకుంటుంది. తెలుగు అక్షరాలు దిద్దించింది వాళ్ల నానమ్మే. రాతి మీద పేరు, రెండు తేదీలు, వాటి కింద ఒకే ఒక మాట ఉంటాయి. కొవ్వొత్తి వెలుగులో ఆ మాటను పిల్ల కూడబలుక్కుని చదివింది: "ని... రీ... క్ష... ణ... తో." చదివి, నా చెయ్యి పట్టుకుని, "తాతా, నిరీక్షణ అంటే ఎదురుచూడడమే కదా? నానమ్మ ఎవరి కోసం ఎదురుచూస్తోంది?" అంది.

ఏళ్ల తరబడి ఆదివారపు బడిలో పాఠాలు చెప్పినవాణ్ణి. నోట మాట రాలేదు. "తర్వాత చెబుతానమ్మా" అని తప్పించుకున్నాను. నిజం చెప్పాలంటే, ఆమె పోయినప్పటి నుంచి ఆ బడికి వెళ్లడమే మానేశాను. చెప్పే మాట మీద నాకే పట్టు తప్పినప్పుడు పిల్లలకేం చెప్పను?

ఇంటికొచ్చి ఆ మాట దగ్గరే కూర్చున్నాను. తెలుగు బైబిలులో విశ్వాసం, నిరీక్షణ, ప్రేమ అని మూడింటిని కలిపి చెబుతారు. మన చుట్టూ ఉన్న భాషల్లో ఆ నడిమి మాట ఒక్కొక్కచోట ఒక్కొక్క రూపం. తమిళులు దాన్ని నంబిక్కై అన్నారు. కన్నడంలో నంబికె అంటే మొదటిదైన విశ్వాసం. రెండోదానికి వాళ్లూ మనలాగే నిరీక్షె అన్నారు. మరాఠీవారు ఆశా అన్నారు. ఒడియావారు భరసా అన్నారు. నమ్మకం, ఆశ, భరోసా, అన్నీ మంచి మాటలే. కాని మన మాటలో ఒక చూపు ఉంది. ఈక్షణమంటే చూడడం. దానికి అచ్చతెలుగు ఎదురుచూపు. అందులోనూ చూపే ఉంది. చేతులు ముడుచుకుని కూర్చోవడం కాదు, దారి మీద కన్ను వేసి ఉంచడం.

అపొస్తలుడైన పేతురు మొదటి పత్రిక ఆరంభంలో ఈ నిరీక్షణకు ప్రాణం ఉందంటాడు. యేసు మృతులలో నుంచి లేచాడు గనుక దేవుడు మనల్ని తిరిగి పుట్టించి ఈ నిరీక్షణను ఇచ్చాడన్నది ఆయన మాటల సారాంశం. ఆ ఉత్తరం ఎవరికి రాశాడో చూడండి. సొంత ఊళ్లో ఉన్నవాళ్లకు కాదు. పొంతు, గలతీయ, కప్పదొకియ, ఆసియ, బితూనియ అనే ఐదు సీమల్లో చెదరి ఉన్నవాళ్లకు. ఇవన్నీ నేటి టర్కీ దేశంలోవి. కర్ణాటక, తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్ర, యానాంలలో ఉంటూ ఈ పత్రిక చదువుతున్న మనకు ఆ చిరునామా కొత్తగా తోచదు.

రాసినవాడి సంగతి కూడా తలచుకోవాలి. యేసును పట్టుకున్న రాత్రి, ఆయనెవరో ఎరగనని మూడుసార్లు బొంకినవాడు పేతురు. కోడి కూసేసరికి బయటికి వెళ్లి వెక్కివెక్కి ఏడ్చాడు. తర్వాత మళ్లీ చేపలవేటకే వెళ్లాడు. ఆ సరస్సు ఒడ్డున, నిప్పుల మీద చేపలు కాల్చి పెట్టి, లేచిన ప్రభువు అతణ్ణి మూడుసార్లు ప్రేమను గురించి అడిగాడు. అంటే, తన ఆశ చచ్చిపోవడం కళ్లారా చూసినవాడే దానికి ప్రాణం ఉందని రాశాడు. ఎవరో నిశ్చింతగా కూర్చుని చెప్పిన నీతి అయితే నాకు పట్టేది కాదు.

తిరిగి పుట్టడం అనగానే మా పక్కింటి పెద్దాయన, "మీకూ మరుజన్మ ఉందటగా మాస్టారూ!" అంటారు నవ్వుతూ. మాట దగ్గరదే గాని అర్థం వేరు. చనిపోయాక వచ్చే ఇంకో జన్మ కాదిది, ఈ బతుకులోనే లోపలి మనిషి కొత్తగా పుట్టడం. యోహాను సువార్తలో నీకొదేము అనే పెద్దమనిషికి కూడా ఇదే చిక్కు వచ్చింది. ముసలివాడు మళ్లీ తల్లి కడుపులోకి ఎలా వెళతాడని అడిగాడు. ఆయన మొదట యేసు దగ్గరకు వచ్చింది రాత్రివేళ. చివరికి యేసు దేహాన్ని సమాధి చేయడానికి సుగంధద్రవ్యాలు మోసుకుని అందరికీ తెలిసేలా వచ్చాడు. శిష్యులు చెల్లాచెదరైన రోజది. కొందరికి ఆ పుట్టుక ఒక్క గడియలో జరుగుతుంది, నీకొదేముకు చాలాకాలం పట్టినట్టుంది.

ఎదురుచూపు గురించి మన తెలుగు నేల మీద ఒక కథ ఉంది. నెల్లూరులో బాప్టిస్టు మిషను 1840 నుంచి ఉన్నా ఫలితం అంతంతమాత్రం. మూసేద్దామన్న మాట కూడా వచ్చింది. 1854 జనవరి 1న తెల్లవారుజామున జూయెట్ దొర దంపతులు, మరి ముగ్గురు తెలుగు విశ్వాసులు, మొత్తం ఐదుగురు ఒంగోలు కొండెక్కి ప్రార్థన చేశారు. పన్నెండేళ్లకు, 1866లో, క్లౌ దొర ఒంగోలు వచ్చి స్థిరపడ్డాడు. 1867 జనవరి 1న అక్కడ సంఘం ఏర్పడినప్పుడు సభ్యులు ఎనిమిదిమంది. చేరినవారిలో మాదిగపల్లెలవారే ఎక్కువ. ఆదివారం పనికి రామన్నారు, జాతరల్లో డప్పు కొట్టబోమన్నారు. అందుకు కష్టాలూ పడ్డారు. అయినా తలెత్తి నిలబడ్డారు. కొత్త పుట్టుక అంటే వాళ్లకు అదే.

1876లో కరువు వచ్చింది. క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం గుత్తకు తీసుకుని ఆకలిగొన్నవారికి కూలి ఇప్పించాడు. కూటికోసం మతం మారారన్న మాట రాకూడదని, కరువు సాయం నడిచినంతకాలం బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ తర్వాత 1878 జూలై 3న ఒక్కరోజే గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ కాలువే మా చెన్నై నడిమధ్య నుంచి పోతుంది. ఇప్పుడు మురికి నీళ్లే గాని, వంతెన దాటినప్పుడల్లా కొండెక్కిన ఆ ఐదుగురూ గుర్తొస్తారు. పన్నెండేళ్లపాటు ఏమీ కనబడకుండా వాళ్లు దారి చూశారు.

ఇవన్నీ పదేళ్ల పిల్లకు చెప్పలేను కదా. మొన్న మా చెల్లెలు విజయవాడ నుంచి పినాకినిలో వస్తుంటే మేమిద్దరం సెంట్రల్ స్టేషనుకు వెళ్లాం. గూడూరు దాటామని ఫోను వచ్చింది. పిల్ల ప్లాట్‌ఫారం అంచు వైపే కన్నార్పకుండా చూస్తోంది. అప్పుడు అన్నాను: "చూశావా, బండి వస్తుందో రాదో అని కాదు మనం చూస్తున్నది. బయలుదేరింది, గూడూరు దాటింది, కబురొచ్చింది. అందుకే చూస్తున్నాం. యేసయ్య సమాధిలో నుంచి లేచాడన్నది మనకొచ్చిన కబురు. నానమ్మ ఎదురుచూసేది ఆయన కోసం. మనం చూసేది ఆయన కోసమూ, నానమ్మ కోసమూ."

కాసేపాగి, "అయితే నువ్వు ఎందుకు ఏడుస్తావు తాతా?" అంది.

"బండి ఆలస్యమైతే బెంగ ఉండదా తల్లీ?" అన్నాను.

బెంగ తీరిపోయిందని రాస్తే అది అబద్ధమే. సాయంత్రం కాఫీ రెండు గ్లాసుల్లో పోసి, ఒకటి వెనక్కి తీసే రోజులు ఇంకా ఉన్నాయి. కాని వచ్చే ఆదివారం నుంచి మళ్లీ బడికి వస్తానని కబురు పంపాను. తెలుగు చదవడం వచ్చిన పిల్లలు నలుగురే మిగిలారట. మొదటి పాఠం రాతి మీదున్న ఆ ఒక్క మాటే చెబుదామనుకుంటున్నాను. బోర్డు మీద రాసే పని మా మనవరాలిది.

మళ్లీ వచ్చే సంచికలో కలుసుకుందాం.