కరెంటు పాట, కర్ర గిటారు

పిల్లలూ,

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఒకటి నన్ను ఆలోచనలో పడేసింది. రాసినవాడు తొమ్మిదో తరగతి కుర్రవాడు. పేరు వెయ్యవద్దన్నాడు గనక వెయ్యడం లేదు.

"మా నాన్నగారు రెండేళ్లు డబ్బు కూడబెట్టి నాకు గిటారు కొనిపెట్టారు. అది కరెంటు గిటారు కాదు, మామూలు కర్ర గిటారు. బడి వార్షికోత్సవంలో రాక్ పాట వాయిస్తానని పేరిచ్చాను. కాని రికార్డులో విన్నట్టు రావడం లేదు. స్వరం మోగగానే ఆగిపోతున్నది. స్నేహితులు నవ్వారు. నాన్నగారితో చెబితే అప్పుచేసైనా ఇంకో గిటారు కొంటారేమోనని భయంగా ఉంది. పేరు వెనక్కి తీసుకోమంటారా?"

వద్దు నాయనా, తీసుకోకు! తప్పు నీదీ కాదు, నీ గిటారుదీ కాదు. ఎందుకు కాదో అందరం కలిసి తెలుసుకుందాం.

ఒక రబ్బరు బ్యాండు తీసుకుని రెండు వేళ్ల మధ్య సాగదీసి మీటండి. చప్పుడు సన్నగా వస్తుంది. దాన్నే మూతలేని ఖాళీ అట్టపెట్టెకు అడ్డంగా తొడిగి మీటండి. ఈసారి గట్టిగా వినిపిస్తుంది. కారణమేమిటి? సన్నటి బ్యాండు కొద్ది గాలినే కదిలించగలదు. అది పెట్టెను కదిలిస్తే, పెట్టె వెడల్పయిన గోడలు ఎక్కువ గాలిని కదిలిస్తాయి. కర్ర గిటారు పనిచేసేదీ ఇలాగే. తీగ అదురు బ్రిడ్జి మీదుగా పైపలకకు చేరుతుంది. పలక అదిరి మనకు పాట వినిపిస్తుంది.

అయితే ఇక్కడొక లెక్క ఉన్నది. కుండకు పెద్ద చిల్లు పెడితే ధార లావుగా వస్తుంది, కుండ త్వరగా ఖాళీ అవుతుంది. చిన్న చిల్లయితే ధార సన్నగా చాలాసేపు కారుతుంది. తీగకు మన వేలు ఇచ్చే శక్తి కుండలో నీళ్లవంటిది. కర్ర గిటారు ఆ శక్తిని త్వరత్వరగా గాలికి ఇచ్చేస్తుంది. అందుకే స్వరం తొందరగా ఆరిపోతుంది.

మరి కరెంటు గిటారు సంగతి? దాని ఒళ్లు సాధారణంగా గట్టి చెక్కదిమ్మ. అది అంతగా అదరదు కాబట్టి తీగలో శక్తి ఎక్కువసేపు నిలుస్తుంది. తీగల కింద పికప్ అనే సాధనం ఉంటుంది. అయస్కాంతం చుట్టూ సన్నటి రాగితీగను వేల చుట్లు చుడితే అదే పికప్. పైన ఉక్కుతీగ అదిరినప్పుడల్లా రాగిచుట్టలో అతిస్వల్పంగా విద్యుత్తు పుడుతుంది. యాంప్లిఫయరు దాన్ని పెంచి లౌడ్‌స్పీకరుకు పంపుతుంది. ఇటువంటి గిటారు 1932లో అమెరికాలో అమ్మకానికి వచ్చింది. దాన్ని అల్యూమినియంతో పోతపోశారు. గుండ్రంగా, పొడుగాటి పిడితో ఉండడంచేత దానికి "వేపుడు పెనం" అనే ముద్దుపేరు వచ్చింది!

రాక్ పాటలో వినిపించే ఆ గర్జన ఎక్కడిది? యాంప్లిఫయరుకు మోయలేనంత బరువు పెడితే అలల శిఖరాలు కత్తిరించినట్టు చదునవుతాయి. దానివల్ల కొత్త ధ్వనులు పుట్టి గరగర వస్తుంది. పెద్ద చప్పుడు పెరగకుండా ఆగి, చిన్న చప్పుడు పెద్దదవుతుంది. అందుచేత స్వరం తగ్గకుండా నిలిచినట్టు తోస్తుంది. ఈ గరగరలో మూడు స్వరాలు కలిపి వాయిస్తే ముద్దయిపోతాయని, రాక్ వాద్యగాళ్లు తరచు షడ్జమ, పంచమాలు రెండే వాయిస్తారు.

చూశారా! మన కుర్రవాడు రికార్డులో విన్న దానిలో సగం యాంప్లిఫయరు వాయించినదే. ఆ సగాన్ని కర్ర గిటారు నుంచి రాబట్టాలంటే రాదు. ఆ చోట మరొకటి పెట్టాలి.

ఈ పని పెద్ద విద్వాంసులే చేశారు. ఎరిక్ క్లాప్టన్ అనే ఇంగ్లీషు గిటారు వాద్యగాడు 1970లో తన బృందంతో "లైలా" అనే పాట రికార్డు చేశాడు. అది కరెంటు గిటార్లు హోరెత్తించే వేగమైన పాట. 1992లో అదే పాటను కర్ర గిటారు మీద వాయించాడు. పాత హోరును అనుకరించబోలేదు. నడక తగ్గించాడు, గొంతు తగ్గించాడు, తాపీగా ఊగుతూ పాడాడు. పరుగెత్తే పాట కూర్చుని కబురు చెప్పే పాట అయింది. దానికి 1993లో ఉత్తమ రాక్ పాటగా గ్రామీ బహుమతి వచ్చింది.

ఇక, నాయనా, నువ్వు చేయవలసినవి చెబుతాను.

మొదటిది: పాట నడక కొంచెం తగ్గించు. స్వరం సాగవలసిన చోట దాన్ని ఆగకుండా మళ్లీమళ్లీ మీటు, లేదా ఆ ఖాళీని నీ గొంతుతో నింపు.

రెండోది: రికార్డులో స, ప మాత్రమే ఉన్నచోట నువ్వు గాంధారం కూడా చేర్చు. నీ గిటారులో గరగర లేదు గనక మూడు స్వరాలూ విడివిడిగా, నిండుగా పలుకుతాయి. సాధారణ గాంధారమా, అంతర గాంధారమా అన్నది పాడే వరసను బట్టి తెలుస్తుంది. నీ చెవినే అడుగు.

మూడోది: కరెంటు గిటారు మొదటి తీగ మందం సాధారణంగా అంగుళంలో వెయ్యోవంతులు 9 గాని, 10 గాని ఉంటుంది. కర్ర గిటారుది 12 దాకా ఉంటుంది. అందుకే తీగను పక్కకు లాగి స్వరం పెంచడం కష్టం. వేళ్లు కోసుకోకు. లాగడానికి బదులు ఒక మెట్టు నుంచి పై మెట్టుకు వేలు జార్చు.

నాలుగోది: నీ వెనక డోలు వాయించేవారు లేరు. బొటనవేలితో లావుతీగ మీద తాళం నడిపించు. అరచేతి అంచు బ్రిడ్జి దగ్గర ఆనించి మీటితే తీగ డబ్‌డబ్ మని పలుకుతుంది. అదే నీ డోలు.

ఒక్క హెచ్చరిక. చప్పుడు పెంచాలని ఇంట్లో కరెంటు తీగలతో ప్రయోగాలు చేయకండి. ప్రాణాపాయం. సభలో గిటారు ముందు మైకు పెడితే చాలు.

కరెంటు గిటారును తక్కువ చేస్తున్నానని అనుకోకండి. 1969లో పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ కథ దీనికి తిరగేసినది. మామూలు మాండలిన్‌కు జంటలుగా ఎనిమిది తీగలుంటాయి. స్వరం చప్పున ఆరిపోతుంది. కర్ణాటక సంగీతానికి దీర్ఘమైన గమకాలు కావాలి. అందుకని ఆయన ఐదు ఒంటితీగల కరెంటు మాండలిన్ పట్టి కృతులు వాయించాడు. క్లాప్టన్ కరెంటు వదిలాడు, శ్రీనివాస్ కరెంటు పట్టాడు. తన వాద్యం ఏమి చేయగలదో, ఏమి చేయలేదో ఇద్దరికీ తెలుసు.

నాయనా, ఇంకొక్క మాట. పాట కుదిరాక మొదట మీ నాన్నగారిని కూర్చోబెట్టి వినిపించు. రెండేళ్లు కూడబెట్టిన డబ్బు ఏమయిందో ఆయనకు వినబడాలి. తరవాత బళ్లో వాయించు. ఎలా జరిగిందో నాకు రాయి. బాగా కుదరకపోయినా సరే, రాయడం మానకు.

తక్కిన పిల్లలు రబ్బరు బ్యాండును అట్టపెట్టెకు, రేకుడబ్బాకు, కొయ్యపెట్టెకు తొడిగి మీటి చూడండి. దేని మీద గట్టిగా మోగింది? దేని మీద ఎక్కువసేపు మోగింది? రెండూ ఒకటేనా? ఒక కార్డు ముక్క రాసి పడేయండి.