సుత్తితో కొట్టిన లగ్గు

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసిమ్మని వార్డెన్ సారు అడిగారు. మా ఇంట్లో డిగ్రీ మొహం చూసిన మొదటివాణ్ణి నేనే కాబట్టి, పట్టుదల ఉంటే సాధించలేనిది లేదు అనే వ్యాసమే నా నుంచి వస్తుందని అనుకుని ఉంటారు. అది రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను లగ్గు గురించి రాస్తాను. లగ్గు అంటే కేబులు కొనకు తొడిగి, బోల్టుకు బిగించే రాగి గొట్టం. పిడికిట్లో పట్టేంత వస్తువు. దాని పుణ్యమా అని మా చిన్నాయన మూడు వారాలు కూలికి పోవలసి వచ్చింది.

చిన్నాయన అప్పు చేసి కరెంటు ఆటో కొన్నాడు. కొన్ని నెలలకు బ్యాటరీ కేబులు మార్చాల్సి వచ్చింది. రోడ్డు పక్కన ఒక షాపులో కొత్త కేబులు కోసి, దాని కొనకు లగ్గు పెట్టి, సుత్తితో నాలుగు దెబ్బలు కొట్టి బిగించారు. "ఇంగ ఏం కాదు పోప్పా" అన్నారట. పది రోజులు గడిచినాయి. మిట్టమధ్యాహ్నం, నిండా మనుషులతో మిట్ట ఎక్కుతుంటే సీటు కింద నుంచి కాలిన వాసన వచ్చింది. దేవుని దయ వల్ల ఎవరికీ ఏమీ కాలేదు. లగ్గు దగ్గర కేబులు తొడుగు కరిగిపోయింది, కంట్రోలరు కూడా దెబ్బతింది.

"కొత్త కేబులే కదరా ఏసింది, ఎట్ల కాలె?" అని చిన్నాయన నన్ను అడిగినాడు. ఎం.టెక్. ఎలక్ట్రికల్ చదువుతున్న నేను నీళ్ళు నమిలాను. కాంటాక్ట్ రెసిస్టెన్స్ నిర్వచనం పరీక్షల్లో ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. అది ఎలా ఉంటుందో మాత్రం చూడలేదు.

ఆ కాలిన లగ్గును తెచ్చి హాక్సా బ్లేడుతో అడ్డంగా కోశాను. ఒక పక్క తీగలు నలిగి అణిగి ఉన్నాయి. ఇంకో పక్క ఖాళీ, ఆ ఖాళీ నిండా నలుపు. కేబులు లావు, లగ్గు చిన్నది అయినందువల్ల చుట్టూ ఉన్న తీగలు కొన్ని కత్తిరించి దూర్చినారు. లెక్క వేస్తే విషయం తేలిపోయింది. ఆటో బ్యాటరీ సుమారు 48 వోల్టులది. వోల్టులు తక్కువైతే అదే పనికి కరెంటు ఎక్కువ లాగాలి. మిట్ట ఎక్కేటప్పుడు 5 కిలోవాట్లు కావాలంటే నూరు ఆంపియర్లు దాటుతుంది. అతుకు దగ్గర ఓమ్‌లో వెయ్యో వంతు అడ్డు ఉన్నా, నూరు ఆంపియర్లకు 10 వాట్ల వేడి పుడుతుంది. కరెంటు రెట్టింపయితే వేడి నాలుగింతలు, అంటే 40 వాట్లు. సోల్డరింగ్ ఐరన్‌ను కేబులుకు కట్టి వదిలేసినట్టే! వేడికి లోహం సాగుతుంది, చల్లారితే కుదించుకుంటుంది. అలా అతుకు ఇంకా వదులై, గాలి తగిలి రాగికి చిలుము పట్టి, వేడి ఇంకా పెరుగుతుంది.

మరి సరైన పద్ధతి ఏమిటి? ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. కేబులు ఎన్ని చదరపు మిల్లీమీటర్లదో లగ్గు కూడా అంతదే ఉండాలి. సన్నతీగల మెత్తటి కేబులుకు దానికి తగిన లగ్గే వాడాలి. తొడుగు లగ్గు గొట్టం లోతుకు సరిపడా మాత్రమే ఒలవాలి, ఒక్క తీగ కూడా తెగకూడదు. తర్వాత అదే సైజు డై పెట్టి, హైడ్రాలిక్ పంచుతో చివరి దాకా నొక్కాలి. బాగా నొక్కిన లగ్గును కోసి చూస్తే లోపల తీగలు తేనెపట్టు గదుల మాదిరి ఒకదానికొకటి ఒరుసుకుని ఉంటాయి, సందు కనబడదు. అతిగా నొక్కితే అదీ తప్పే, తీగలు కోసుకుపోతాయి. కొందరు లగ్గులో సీసం పోస్తే గట్టిగా ఉంటుందంటారు. ఆ సీసం తీగల్లోకి పాకి కేబులును బిరుసు చేస్తుంది, బండి అదురుకు సరిగ్గా అక్కడే విరుగుతుంది. వేడెక్కితే కరుగుతుంది కూడా.

ఇదంతా కరెంటు ఆటోలకే అనుకోవద్దు. మన ఊళ్ళలో బోరు మోటార్లు కాలడం కొత్తా? ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఒక లగ్గు వదులై కాలిపోతే ఒక ఫేజు పోతుంది. మిగతా రెండు ఫేజుల మీద మోటారు మూలుగుతూ ఎక్కువ కరెంటు లాగి కాలుతుంది. అల్యూమినియం అయితే మరీ మోసం, గాలి తగిలిన క్షణంలోనే పైన పొర కడుతుంది. చెనిక్కాయ పంట ఎండుముఖం పట్టినప్పుడు రీవైండింగ్ షాపు ముందు కూర్చున్న రైతును చూసినవాళ్ళకు నేను వేరే చెప్పనక్కరలేదు.

2019లో ఎర్రమంచి దగ్గర కియా ఫ్యాక్టరీ నుంచి మొదటి కారు వచ్చినప్పుడు మనమంతా సంతోషించాం. 2022లో జిల్లా చీలాక అది శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయిందనుకోండి. అక్కడ తయారైన కరెంటు కారు కారెన్స్ క్లావిస్ 2025 జులైలో మార్కెట్లోకి వచ్చింది. ఎన్.పి.కుంటలో సోలార్ పార్కు ఉంది. ఎక్కడ చూసినా లావు కేబుళ్ళే, వాటి కొనలకు లగ్గులే. "ఫ్యాక్టరీలో అన్నీ మిషన్లే చేస్తాయి, మనకెందుకన్నా?" అని ఒక తమ్ముడు నన్నడిగాడు. నిజమే, ఫ్యాక్టరీలో మిషను చేస్తుంది. ఆ బండి అయిదేళ్ళ తర్వాత కళ్యాణదుర్గం రోడ్డులో ఆగితే చేసేది మనిషి. ఆ మనిషి చేతిలో సుత్తి ఉంటుందా, పంచు ఉంటుందా అన్నదే ప్రశ్న.

అందుకే నా అభిప్రాయం ఒకటే. ఐ.టి.ఐ., పాలిటెక్నిక్, ఇంజనీరింగ్ ఏదైనా సరే, లగ్గు నొక్కి, దాన్ని కోసి చూపించనిదే ప్రాక్టికల్ మార్కులు వేయకూడదు. చేత్తో నొక్కే హైడ్రాలిక్ పంచు కొన్ని వేల రూపాయలకు వస్తుంది. అది బీరువాలో తాళం వేసి పెట్టే వస్తువు కాదు. మన పిల్లల్లో ఇంకో జబ్బు కూడా ఉంది, నాలోనూ ఉండేది. చేతులకు గ్రీజు అంటే పని చదువుకున్నవాడిది కాదనుకోవడం. మా నాయన జీవితమంతా చేతులతోనే బతికినాడు. అతని పని నుంచి తప్పించుకోవడానికే చదివాననుకున్నాను. చిన్నాయన ప్రశ్నకు జవాబు ఆ పనిలోనే దొరికింది.

ఒక హెచ్చరిక కూడా. కార్లలో నారింజ రంగు కేబుళ్ళు వందల వోల్టులవి. శిక్షణ లేకుండా వాటి జోలికి పోవద్దు.

కోసిన లగ్గు నా దగ్గరే ఉంది. దాని పక్కన పెట్టడానికి సరిగ్గా నొక్కిన లగ్గు ఒకటి కోసి ఉంచాను. వార్షికోత్సవం రోజు రెండూ తెస్తాను. భోజనాలయ్యాక మెస్ హాల్లో ఉంటాను, చూడాలనుకున్నవాళ్ళు రండి.