కంప్యూటర్ దొంగ అంటే దొంగేనా?

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం 2013 అక్టోబరులో నిరుద్యోగ భృతి తనిఖీని మిడాస్ అనే కంప్యూటర్ వ్యవస్థ చేతిలో పెట్టింది. కంపెనీ చూపిన జీతానికీ, కార్మికుడు చెప్పిన జీతానికీ లెక్క కుదరకపోతే చాలు, అది మోసం కింద తేల్చేసేది. ఫోన్ చేసి కనుక్కునే మనిషి లేడు. అలా రెండేళ్లలో దాదాపు 40 వేల మంది మోసగాళ్లయ్యారు. తీసుకున్న భృతి తిరిగి కట్టాలి, దానికి నాలుగింతల జరిమానా, ఆపైన 12 శాతం వడ్డీ. కట్టలేనివాళ్ల జీతాలకు, ఆదాయపు పన్ను రీఫండులకు కోత పడింది. కొందరు దివాలా తీశారు. తర్వాత నిరుద్యోగ భృతి శాఖే 22 వేల పైచిలుకు కేసులు తిరగదోడితే 93 శాతం తప్పులని బయటపడింది!

అప్పీలు చేసుకోవచ్చుగా అంటారేమో. నిజమే, 30 రోజుల గడువుంది. కాకపోతే నోటీసులు చాలావరకు భృతి ఆగాక ఎవరూ తెరవని ఆన్‌లైన్ ఖాతాల్లోకో, ఖాళీ చేసి వెళ్లిన ఇళ్లకో చేరాయి. దీన్ని హక్కు ఇవ్వడమంటారా?

అలాగని అప్పీలు వృథా అనుకుంటే అదీ పొరపాటే. విచారణకు చేరితే, అది ఫోన్‌లోనే అయినా, వినేవారు ఒకరుంటారు. దుష్ప్రవర్తన వల్ల తీసేశామంటే ఆ సంగతి మామూలుగా కంపెనీయే రుజువు చేయాలి; తనంతట మానేసిన కార్మికుడైతే కారణం తానే చూపాలి. దక్షిణ కరోలినాలో శనివారం పనిచేయడం తన మతానికి విరుద్ధమన్న మిల్లు కార్మికురాలు అడెల్ షెర్బర్ట్‌కు భృతి నిరాకరించారు. ఆమె వదల్లేదు. 1963లో అమెరికా సుప్రీంకోర్టులో గెలిచింది. గడువులు మాత్రం రాష్ట్రానికో తీరు. టెక్సస్‌లో 14 రోజులే. అప్పీలు నడుస్తుండగా వారం వారం దాఖలు చేసే క్లెయిము ఆపేస్తే, గెలిచాక ఆ వారాల డబ్బు చేజారవచ్చు.

అమెరికాలోని తెలుగువాళ్లలో హెచ్1బి వీసా మీద ఉన్నవారికి ఉద్యోగం పోతే ఈ భృతి సాధారణంగా దక్కదు. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు మాత్రం మొహమాటపడనక్కర్లేదు. అదేమీ ధర్మఖాతా కాదు, కంపెనీలు కట్టే పన్నుతో నడిచే బీమా.

మిషిగన్ బాధితులు 2015లో దావా వేస్తే, మీరే ఆలస్యంగా వచ్చారని ప్రభుత్వం వాదించింది. నోటీసు ఇచ్చిన రోజు నుంచే దావా గడువు మొదలైందట! డబ్బు లాక్కున్న రోజు నుంచి లెక్కించాలని 2019లో రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చింది. 2022లో ప్రభుత్వం 2 కోట్ల డాలర్లకు రాజీకి వచ్చింది.