కాగితపు పాండాలు చేసిన యాత్ర

అభిజ్ఞాన శాకుంతలము సప్తమాంకమున నొక ముచ్చట గలదు. బాలుడైన సర్వదమనుడు తల్లిపాలు కుడుచుచున్న సింహపుపిల్లను జూలు పట్టి యీడ్చి, పండ్లు లెక్కించెదనని దాని నోరు తెఱువ బలాత్కరించుచుండును. చెంతనున్న తాపసి యెన్ని విధముల చెప్పినను వాడు వినడు. వట్టి మాటలతో వీనిని నివారింప శక్యము గాదని తెలిసి, రంగులు పూసిన మట్టినెమలి బొమ్మను తెమ్మని యామె తన తోడిచెలిని కుటీరమునకు పంపును. మాట వినని వానికి బొమ్మ చూపుట మన కవికి తెలిసిన యుపాయమే. నేటి వన్యప్రాణి రక్షణ సంస్థలు లోకమునకు చూపుచున్న యుపాయము కూడ నదియే.

2008వ సంవత్సరమున ఫ్రాన్సు దేశమునందలి ప్రపంచ ప్రకృతి నిధి శాఖ, పావులో గ్రాంజో అను శిల్పిచేత వాడిన కాగితపు గుజ్జుతో 1,600 పాండా బొమ్మలు చేయించి పారిసు నగరమున వరుసలుగా నిలిపినది. ఆనాడు చైనా యడవులలో స్వేచ్ఛగా బ్రతుకుచున్న పాండాలు సుమారుగా నన్నియే యని లెక్క. ఒక్కొక్క బొమ్మ యొక్కొక్క ప్రాణికి ప్రతినిధి యన్నమాట. తరువాత నీ బొమ్మలు దేశాటనమునకు బయలుదేరినవి. 2013లో బెర్లిను నగరపు ప్రధాన రైలు స్టేషను ముందు బారులు తీర్చి నిలిచినవి. 2014లో తైపే, హాంకాంగు నగరములను, ఆ సంవత్సరాంతమున కౌలాలంపూరును, 2015లో సియోలును, 2016లో బాంకాకును దర్శించినవి. తైపేలో స్థానిక జాతియైన నల్లయెలుగుల బొమ్మలు కూడ వానితో చేరినవి. ఎక్కడికేగినను పిల్లలు చుట్టు మూగిరి. పెద్దలు బొమ్మల నడుమ కూర్చుండి ఛాయాపటములు తీయించుకొనిరి. రాజప్రతినిధులకు లభింపని స్వాగతము కాగితపు గుజ్జుకు లభించినది.

ఇది పిల్లల యాటగాని ప్రకృతి రక్షణ గాదని గంభీరులు కొందఱు పెదవి విఱువవచ్చును. మే మట్లు తలంపము. అంకెలు మనుష్యుని మనస్సున నిలువవు. "పదునాఱువంద లున్నవి" యని పత్రికలో చదివినవాడు పుట త్రిప్పి బియ్యపు ధర చూచుకొనును. ఆ పదునాఱువందలను కన్నులయెదుట నొక్కచోట నిలిపినచో కథ వేఱగును. ఒక జాతి సమస్తమును ఒక పాఠశాల యాటస్థలములో నిమిడిపోవుచున్నది! ఇంకొక వరుస పెట్టుద మన్నను పెట్టుటకు పాండా లేదు. ఆ చూపు గుండెను తాకినంతగా నే సభాతీర్మానమును తాకదు. బొమ్మయొక్క బలమిది. దానిని చులకన చేయుట తగదు.

కాని బొమ్మయొక్క బలహీనతయు దాని చరిత్రలోనే కలదు. 1902 నవంబరులో అమెరికా యధ్యక్షుడు థియోడరు రూజువెల్టు మిసిసిపీ రాష్ట్రమున వేటకేగెను. ఆయనకు వేట చిక్కలేదని తోడివారొక యెలుగును పట్టి చెట్టుకు కట్టి, కాల్చుడని చూపిరి. కట్టిన జంతువును కాల్చుట వేటగాని ధర్మము గాదని యాయన తిరస్కరించెను. క్లిఫర్డు బెరీమను అను చిత్రకారుడు వాషింగ్టను పోస్టు పత్రికలో దీనిని వ్యంగ్యచిత్రముగా వేసెను. అది చూచి బ్రూక్లినులో నొక మిఠాయి దుకాణపు యజమాని గుడ్డయెలుగును కుట్టి రూజువెల్టు ముద్దుపేర "టెడ్డీ" యని పేరిడి యమ్మసాగెను. అదే కాలమున జర్మనీలోని స్టైఫు కర్మాగారము కూడ అట్టి బొమ్మలు చేసినది. ఆ గుడ్డయెలుగు ప్రపంచమున కోటానుకోట్ల శిశువుల ప్రక్కలో చేరినది. కాని చెట్టుకు కట్టిన యా నిజమైన యెలుగు గతి యేమైనదని యడుగువా రరుదు. అది యప్పటికే తీవ్రముగా గాయపడి యుండెను. దాని బాధ తీర్పుడని రూజువెల్టే యానతీయగా, దానిని కత్తితో చంపిరి. బొమ్మ బ్రతికినది, ఎలుగు చచ్చినది. ఆ ప్రాంతపు యెలుగుల జాతియైన లూయిసియానా నల్లయెలుగు క్రమముగా తఱిగి, 1992లో ప్రమాదమునందున్న ప్రాణుల పట్టికకెక్కినది. తిరిగి కోలుకొన్నదని దానిని 2016లో ఆ పట్టికనుండి తొలగించిరి. ఈ నడిమి కాలమున గుడ్డయెలుగు కొఱత యే దుకాణమునను కలుగలేదు!

ఇంకొక వింత వినుడు. 1929లో నా రూజువెల్టు కుమారు లిరువురు, థియోడరును కెర్మిటును, చైనాలోని సిచువాను కొండలకేగి పాండాను కాల్చి, దాని చర్మమును చికాగో నగరపు ప్రదర్శనశాలకు చేర్చిరి. ఎలుగును కాల్చనన్న తండ్రిపేర బొమ్మ వెలసినది. ఆ బొమ్మలతో లోకమెల్ల నాడుకొనుచుండగనే కుమారులు పాండాను కాల్చిరి. బొమ్మపై ప్రేమ ప్రాణిపై ప్రేమగా తనంతట తాను మారదనుటకు ఇంతకంటె నిదర్శన మేల?

పాండాకు మాత్రము కాలము కలిసివచ్చినది. 1958లో "చీచీ" యను పాండా లండను జంతుశాలకు వచ్చి పురజనుల కెల్ల ముద్దుబిడ్డ యైనది. 1961లో ప్రపంచ వన్యప్రాణి నిధి స్థాపితమైనపుడు సర్ పీటరు స్కాటు మున్నగువారు ఆ పాండానే తమ చిహ్నముగా గైకొనిరి. తెలుపు నలుపులే గనుక ముద్రణకు వ్యయము తక్కువ యనుటయు నొక కారణము. నల్లని కనుపాపల చుట్టు నల్లని వలయములు, గుండ్రని ముఖము, కూర్చుండి వెదురు నమలు తీరు—చూచినవారికి పసిబిడ్డయే స్ఫురించును. ఆ ముఖమే దాని యదృష్టము.

పాండాలు నిజముగా పెరిగినవా యని పాఠకు లడుగవచ్చును. పెరిగినవి. 1980ల లెక్కలో 1,114 ఉండగా, తరువాతి లెక్కలో 1,596, 2015లో ప్రకటించిన లెక్కలో 1,864 అని తేలినది. లెక్కించిన పద్ధతులు, వెదకిన ప్రదేశములు ప్రతిసారి యొక్కటి గావు గనుక ఈ వృద్ధిని కొంత సావధానముగ గైకొనవలయును. 2016లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమాఖ్య పాండాను మిక్కిలి యాపదలోనున్న ప్రాణుల శ్రేణినుండి ఒక మెట్టు దించినది. ఈ ఫలము కాగితపు బొమ్మలవలన గలిగినది గాదు. ఆ ప్రభుత్వము 1998లో సహజారణ్యములలో చెట్లు కొట్టుట మాన్పించినది. 1999 నుండి ఏటవాలు పొలములను మరల నడవులుగా మార్చిన రైతులకు ధాన్యమును ధనమును ఇచ్చినది. 1963లో ప్రారంభమైన వోలాంగు వంటి రక్షితారణ్యములను విస్తరింపజేసినది. 2021లో పాండాల కొఱకు పెద్ద జాతీయవనమును నెలకొల్పినది. గొడ్డలిని ఆపిన శాసనము, రైతు నష్టమును భరించిన ఖజానా, అడవిలో తిరిగిన కావలివాడు—ఈ మూడును పాండాను కాచినవి. బొమ్మ చేసిన పని యీ మూటికిని ప్రజల యామోదమును సంపాదించుట. అది చిన్నపని గాదు. కాని అదియే పని గాదు.

ఇక అసలు చిక్కు. పాండాను కాచినచో నా యడవిలోని సమస్త ప్రాణులును దాని గొడుగు క్రింద బ్రతుకునని విద్వాంసులు చెప్పుచు వచ్చిరి. కొంతవఱకది నిజమే. ఆ కొండలలో పెక్కు పక్షులకును చిన్న జంతువులకును నీడ దొరకినది. కాని 2020లో ప్రకటితమైన యొక పరిశోధన వేఱొక సంగతిని బయటపెట్టినది. 1960ల నాటితో పోల్చినచో పాండా రక్షితారణ్యములలో 81 శాతమునుండి చిఱుతపులియు, 38 శాతమునుండి మంచుచిఱుతయు, 77 శాతమునుండి తోడేలును, 95 శాతమునుండి రేచుకుక్కయు మాయమైనవట! పాండాకు చాలిన యడవి చిఱుతకు చాలదు. పాండా కొలది చోటులో వెదురు నమలుచు బ్రతుకును. చిఱుతకును రేచుకుక్కకును వందలాది చదరపు కిలోమీటర్ల సంచారభూమియు, అందు చాలినంత యెరయు కావలయును. గొడుగు మంచిదే, కాని దానిని చేతబట్టినవాని కొలతకే అది కుట్టబడినది.

కావుననే మేము చెప్పునది: ముద్దుముఖము గల ప్రాణికి బొమ్మ, బొమ్మకు యాత్ర, యాత్రకు చందా, ముఖము లేని ప్రాణికి మౌనము—ఇట్టి ధర్మము పక్షపాతము. రేచుకుక్క బొమ్మను ప్రక్కలో పెట్టుకొని నిద్రించు శిశువు నెవరు చూచిరి? రాబందును కౌగిలించుకొని ఛాయాపటము తీయించుకొను వారెవరు? ఐనను పశుకళేబరములను తిని ఊరిని శుభ్రపఱచిన రాబందులు మన దేశమున 1990ల నుండి నశించుటకు, పశువులకిచ్చిన డైక్లోఫినాకు అను మందు కారణమని తేలి, 2006లో ప్రభుత్వము పశువైద్యమున దానిని నిషేధింపవలసి వచ్చెను. అందము లేని ప్రాణి లేకపోయినను నష్టము లేకపోదు.

మన యింటి సంగతియు నొక్కటి. కడప జిల్లా ముండ్లపొదలలో తిరుగు కలివికోడి యను చిన్నపక్షి గలదు. రాత్రులందు సంచరించునది, పగటివేళ పొదలలో మెదలక యుండి కంటబడనిది. 1900 తరువాత దాని జాడ తెలియక, అది నశించినదనియే శాస్త్రజ్ఞులు తలంచిరి. 1986 జనవరిలో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమువారు, స్థానికుల సాయముతో, దానిని మరల గనుగొనిరి. దాని నివాసమును కాచుటకై శ్రీలంకమల్లేశ్వర అభయారణ్య మేర్పడినది. తెలుగుగంగ కాలువ త్రోవను సయితము మార్పవలసి వచ్చినది. లోకమున మఱియెచ్చటను ఆ పక్షి యునికి నిర్ధారితము గాలేదు. పాండా చైనీయులకెట్టిదో కలివికోడి మనకట్టిది. ఐనను దాని బొమ్మలు దేశదేశములు తిరుగుట మనము విని యెఱుగము. తెలుగు పిల్లలలో పాండాను గుర్తుపట్టువారెందఱో, కలివికోడిని గుర్తుపట్టువారెందఱో చదువరులే తమ యింట నడిగి చూచుకొనవచ్చును.

బొమ్మలు చేయుటకు మనకు చేతులు లేకపోలేదు. కొండపల్లి శిల్పులు తెల్లపొణికి కఱ్ఱతో అంబారీయేనుగును, ఏటికొప్పాక శిల్పులు అంకుడు కఱ్ఱతో లక్కబొమ్మలను తరతరములుగా చేయుచున్నారు. వారి చేతులమీదుగా నొక కలివికోడి వెలసి, బడి బడికిని తిరిగినచో మేము మిక్కిలి సంతసింతుము. కాని కొండపల్లి కొండలలో తెల్లపొణికి చెట్టు కొఱతయై శిల్పులు కఱ్ఱకు కటకటపడుచున్న మాట మఱవరాదు. అడవి లేనిది జంతువే కాదు, దాని బొమ్మయు లేదు!

ఆ బొమ్మ వెంట మూడు మాటలు కూడ యాత్ర చేయవలయునని మా మనవి. మొదటిది: ఈ ప్రాణి యెంత యడవిని కోరును? రెండవది: ఆ యడవిలో దానితోపాటు బ్రతుకు కుఱూపులైన ప్రాణు లెవ్వి? మూడవది: అడవి మూసినందువలన నష్టపడు పసులకాపరికి, కట్టెలు కొట్టువానికి మన మేమి యిచ్చుచున్నాము? ఈ మూడవ మాట చెప్పని బొమ్మ పట్టణవాసుల వినోదమే యగును; అడవి యంచున కాపురముండు పేదవాని కది యెగతాళిగా తోచును. కలివికోడిని పండితులకు చూపించినవారు పల్లెవాసులే. వారు విరోధులైనచో నే శాసనమును దానిని కాపాడలేదు.

శాకుంతలములోని ముచ్చట నచ్చటనే విడువరాదు. మట్టినెమలి కొఱకు చెలి పోయినది. బొమ్మ వచ్చువఱకు దీనితోనే యాడుకొందునని బాలుడు సింహపుపిల్లను గట్టిగా పట్టుకొనియే యుండెను. అప్పుడు తాపసి దారిన నిలిచియున్న దుష్యంతుని పిలిచి, ఆ పిల్లను విడిపింపుమని వేడెను. అతడు చేయి చాచి విడిపించెను. మట్టినెమలి వచ్చినది తరువాత! బొమ్మను తెప్పించుట మంచిదే; బాలుడు దానిని చూచి మురియుటయు మంచిదే. కాని అది దారిలో నుండగనే సింహపుపిల్ల ఊపిరి పోవచ్చును. కాగితపు పాండాలు నగరములు తిరిగి తమ పని తాము చేసినవి. చూచి చప్పట్లు కొట్టిన చేతులే యిప్పుడు ముందునకు చాచవలయును.