చౌకగా దొరికితే చాలా? వస్తువు వెనక పసి చేతులుంటే?

గూడూరు నుంచి బందరు వెళ్లి రోల్డ్‌గోల్డ్ నగలు కొనడం మామూలే. ఈ నగల పని చాలావరకు ఇళ్లలోనే జరుగుతుంది. అందులో పిల్లల చేయి పడిందో లేదో నగ చూసి చెప్పలేం. 14 ఏళ్లలోపు పిల్లల్ని పనిలో పెట్టుకోవడం నేరం. కానీ ప్రమాదం లేని కుటుంబ వృత్తిలో, బడి అయ్యాక సాయం చేయొచ్చని 2016 చట్ట సవరణ చెబుతోంది.

అసలు కొనడమే మానేస్తే? 1990ల మొదట్లో అమెరికాలో నిషేధం బిల్లు పెట్టగానే బంగ్లాదేశ్ గార్మెంట్ ఫ్యాక్టరీలు వేలమంది పిల్లల్ని తీసేశాయి. వాళ్లలో చాలామంది బడికి పోలేదు. రాళ్లు కొట్టే పనుల్లాంటి వాటిలో తేలారని యునిసెఫ్ చెప్పింది.

కర్నూలు పత్తి విత్తన చేలదీ ఇలాంటి కథే. కంపెనీ ఇచ్చే ధర గిట్టక, క్రాసింగ్ పనికి తక్కువ కూలికొచ్చే ఆడపిల్లల్ని పెట్టేవారు. విమర్శలు పెరిగాక, పిల్లల్ని పెట్టని రైతులకు కొన్ని కంపెనీలు బోనస్ ఇచ్చాయి.

అంటే అసలు కిటుకు ధరలోనే ఉంది. బేరమాడే ముందు ఒక్కసారి ఆలోచించండి: ఈ రేటుకి పెద్దవాళ్లకి కూలి గిడుతుందా?

పిల్లలు పనిలో కనిపిస్తే 1098కి ఫోన్ చేయండి.